మబ్బులో మా హాలు

ఎల్బీనగర్,
ఆదివారం

ప్రేమగల నాయినకు,

బిడ్డ ఉత్తరం రాసిందేమిటని కంగారు పడకు. అందరం ఆరోగ్యంగానే ఉన్నాం. ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు. నువ్వు ఎప్పుడూ ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడతావు, కొట్లో చీర బేరం చేసేవాళ్లంతా మన ముచ్చట వింటారు. ఇక్కడ నేను ఏ గదిలో మాట్లాడినా హాల్లో కెమెరా వింటుంది. అందుకే డాబా మీద నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని రాస్తున్నాను.

హయత్‌నగర్ ఏమంత దూరం, బస్సెక్కితే ఎంతసేపు, బతుకమ్మకు కూడా ఎందుకు రాలేదని మొన్న అడిగావు. దుకాణంలో పని ఉందన్నాను. అది అబద్ధం. నేను అక్కడికి వస్తే ఈ ఇంటి చీరల డిజైన్లు మన కొట్టుకు మోస్తున్నానని అంటారు నాయినా. అన్నారు కూడా. ఈ మాట నీకు చెప్పకూడదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇక నావల్ల కావడం లేదు.

మా అత్తమ్మ వజ్రమ్మ సంగతి నీకు తెలుసు కదా. పోచంపల్లి దగ్గర మగ్గం గుంట పక్కన పెరిగిన మనిషి. దిల్‌సుఖ్‌నగర్ దుకాణాన్ని మీ అల్లుడు ఉపేందర్ చూసుకుంటున్నా, దానికి ప్రాణం మాత్రం అత్తమ్మ చేతిలో పెన్సిలే. హాల్లో కిటికీ దగ్గర బల్ల మీద గళ్ల కాగితం పరుచుకుని డిజైన్ గీస్తుంది. ఆ గళ్ల లెక్కన ఊళ్లో నేతవాళ్లు నూలుకు ముడులు కట్టి, రంగులద్ది, ఆ తర్వాత నేస్తారు. చీర మగ్గం దిగేసరికి వారాలు పడుతుంది.

పోయిన ఎండాకాలం మా పక్క వీధిలో దొంగలు పడ్డారు. ఇంటివాళ్లు పెళ్లికి పోయారు. వాళ్లకూ కెమెరాలు ఉన్నాయి గానీ రికార్డయ్యే పెట్టె టీవీ కిందే ఉంది. దొంగలు బంగారంతో పాటు ఆ పెట్టెను కూడా ఎత్తుకుపోయారు. మా బీరువాల నిండా దుకాణం సరుకు ఉంటుంది కాబట్టి ఉపేందర్‌కు భయం పట్టుకుంది. అరుణ్‌కుమార్ బావను పిలిచాడు. ఆయన అత్తమ్మ తోడికోడలు అండాలమ్మ కొడుకు. దిల్‌సుఖ్‌నగర్‌లోనే కెమెరాలు అమ్మి బిగించే షాపు ఉంది.

"పెట్టె ఇంట్ల పెడితే దొంగ చేతికి ఇచ్చినట్టే తమ్మీ. క్లౌడ్ల పెడ్దాం. కెమెరా పలగ్గొట్టినా అప్పటిదాకా తీసింది పైన భద్రంగ ఉంటది" అన్నాడు బావ.

"నెలనెల కట్టాలె కదనే. నెట్ పోతే ఎట్ల?" అని ఉపేందర్ కొంచెం నసిగాడు.

అత్తమ్మ ఒక్కటే అడిగింది. "మనకు దప్ప ఇంకెవ్వలకు కనవడది కద బిడ్డా?"

"అయ్యో చిన్నమ్మా, పాస్‌వర్డ్ ఉంటది. ఎవ్వలకు కనవడ్తది?" అని నవ్వాడు బావ. ఆ పాస్‌వర్డ్ ఆయనే పెట్టాడు, తన ఫోన్ నంబరు మీదే. గేటు దగ్గర ఒకటి, మెట్ల మీద ఒకటి, బీరువాలు కనిపించేలా హాల్లో ఒకటి బిగించి, ఉపేందర్ ఫోన్లో యాప్ వేసిచ్చి వెళ్లాడు.

ఆ తర్వాత అత్తమ్మ జొన్నకంకుల కొంగు గీసింది. నాయినా, నువ్వు చూసి ఉంటే చేతులెత్తి దండం పెట్టేవాడివి. కంకి మీద గింజలు ఎండలో మెరుస్తున్నట్టే ఉంటాయి. గళ్లు లెక్కపెట్టి చెప్పే పని నాది, తుడిచి దిద్దే పని ఆమెది. రోజూ దుకాణం నుంచి వచ్చాక ఆమె పక్కన కూర్చునే ఆ కాసేపు కోసమే ఎదురుచూసేదాన్ని.

మా చీర ఇంకా మగ్గం మీద సగమైనా కాలేదు. ఒకరోజు ఉపేందర్ ఒక కవరు తెచ్చి బల్ల మీద పడేశాడు. అందులో ప్రింటు చీర. అదే జొన్నకంకుల కొంగు. బస్టాండు ఎదురుగా ఫుట్‌పాత్ మీద హ్యాంగర్లకు వేలాడదీసి అమ్ముతున్నారట.

ఆ రోజు అండాలమ్మ పెద్దత్తమ్మ ఇంట్లోనే ఉంది. చీరను అటూ ఇటూ తిప్పి చూసి, నా దిక్కు తిరిగి అన్నది. "ఇన్నేండ్లల్ల ఎన్నడన్న గిట్లయిందా? ఇంట్లకు కొత్తగ ఒచ్చిందెవ్వలు? హయత్‌నగర్ల బట్టల దుకాణం ఎవ్వల నాయినది?"

నేను ఉపేందర్ ముఖంలోకి చూశాను. ఆయన చీర కేసి చూస్తూ ఉండిపోయాడు. ఒక్క మాట, 'అట్లనకు పెద్దమ్మా' అని ఒక్క మాట అంటే చాలు కదా. అనలేదు. అత్తమ్మ కూడా ఏమీ అనలేదు. కళ్లజోడు పెట్టుకుని ఆ ప్రింటును ఒక్కో గీతా చూస్తూ కూర్చున్నది. మర్నాడు గళ్ల కాగితాలూ పెన్సిళ్లూ తన గదిలోకి తీసుకుపోయి తలుపు వేసుకున్నది. అప్పట్నుంచి గళ్లు లెక్కపెట్టమని నన్ను పిలవడం లేదు.

పెద్దత్తమ్మ మాట కంటే ఆ మూసిన తలుపే నన్ను ఎక్కువ కోసింది. ఈ ఇంట్లో నేను మనసారా మెచ్చుకున్న మనిషి ఆమె ఒక్కతే.

చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్‌లో అకౌంట్స్ పని దొరికేలా ఉంది. దగ్గర్లోనే లేడీస్ హాస్టల్ కూడా చూసి వచ్చాను. వచ్చే నెలలో వెళ్లిపోదామని నిశ్చయించుకున్నాను. నీ దగ్గరికి మాత్రం రాను నాయినా. నేను వచ్చి నీ కొట్లో కూర్చుంటే వాళ్లన్న మాటే నిజమవుతుంది. నీ పేరు మీద ఆ మచ్చ పడనివ్వను. అమ్మకు ఇప్పుడే చెప్పకు.

నీ బిడ్డ,
సుప్రియ


ఎల్బీనగర్,
శుక్రవారం

నాయినా,

రిజిస్టర్ పోస్టులో ఇంత పెద్ద కవరు చూసి ఆశ్చర్యపోయి ఉంటావు. లోపల మడత పెట్టిన గళ్ల కాగితం ఉంది. తీసి చూడు. అది మా అత్తమ్మ గీసిన కొత్త డిజైన్. ఉసిరి కొమ్మల అంచు. ఇంతవరకు ఆమె, నేను తప్ప ఎవ్వరూ చూడలేదు. మూడోవాడివి నువ్వు. నీకు పంపమన్నది ఆమే.

నిన్ను గందరగోళపెట్టకుండా జరిగింది జరిగినట్టు చెప్తాను.

మొన్న నీకు ఉత్తరం పోస్టు చేసిన మర్నాడు డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. అత్తమ్మ మెట్లెక్కి వచ్చింది. మోకాళ్ల నొప్పితో ఎన్నడూ డాబా ఎక్కని మనిషి. ట్యాంకు గోడకు ఆనుకుని కూర్చుని ఆయాసం తీర్చుకుంటూ, "హాస్టల్ల రూమ్ మాట్లాడుకున్నవట?" అన్నది. హాస్టల్ వాళ్లు ఇంటి అడ్రసు సరిచూసుకోవడానికి ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేశారట, ఆమే ఎత్తిందట.

నాకు ఏడుపు ఆగలేదు. "మీరు కూడా నన్నే అనుమానించినంక నేనెందుకు అత్తమ్మా ఇక్కడ?" అన్నాను.

"నేనా? ఎప్పుడు?"

"కాగితాలు తీస్కపోయి తలుపేసుకున్నరు కద."

"పిచ్చిదానా. నీ మీద అనుమానముంటే నీ మొఖం మీదనే అడుగుతుంటి. నేను దూరం పెట్టింది నిన్ను గాదు, నెత్తి మీది కెమెరను."

తర్వాత ఆమె అసలు సంగతి చెప్పింది. జొన్నకంకుల కొంగు గీస్తున్నప్పుడు ఒకరోజు పొద్దున మూడో కంకికి పక్కన ఒక ఆకు గీసిందట. చూస్తే కంకి బరువు తగ్గినట్టు అనిపించి అదే సాయంత్రం తుడిచేసిందట. ఊరికి పంపిన కాగితంలో ఆ ఆకు లేదు. కానీ ఆ ప్రింటు చీర మీద ఆకు ఉంది.

"పొద్దుగాల గీసిన, పొద్దుమూకినంక తుడిసిన. నువ్వు దుకాణం నుంచి ఒచ్చేటాళ్లకు ఆ ఆకే లేదు. నువ్వు సూడని ఆకు నువ్వెట్ల అమ్ముతవే? ఇగ ఆ టైముల బల్ల దిక్కు సూసింది గదొక్కటే" అని, కింద హాలు ఉన్న వైపు వేలు చూపించింది.

"మరి ఆ రోజే పెద్దత్తమ్మతోని ఎందుకు చెప్పలె?"

"ఆకు సంగతి జెప్తే ఎవ్వలు నమ్ముతరు? కోడల్ని ఎనకేసుకొస్తున్నదంటరు. ఆమె కొడుకు పెట్టిన కెమెర మీద మాటంటే ఇల్లు పీకి పందిరేస్తది. అందరి కండ్లకు కనవడాలె. అందుకని ఆగిన. కని నీకన్న జెప్పాల్సింది బిడ్డా. నువ్వింత కుమిలిపోతున్నవని సోయి లేకపాయె."

ఆమె వేసిన ఉపాయం ఇది. తన గదిలో తలుపేసుకుని గీసిన అసలు డిజైన్ నా చేతికి ఇచ్చింది. దాన్ని పోస్టులో నీకు పంపించాలి. పోస్టాఫీసు ముద్ర మీద తేదీ ఉంటుంది కాబట్టి ఫలానా రోజు నుంచి ఆ కాగితం హయత్‌నగర్ బట్టల దుకాణంలో ఉన్నదని ఎవరూ కాదనలేరు. రేపట్నుంచి ఆమె మళ్లీ హాల్లో బల్ల దగ్గర కూర్చుని ఇంకో డిజైన్ గీస్తుంది. అదేమిటో నేను చూడకూడదు. అది పూర్తయ్యేదాకా నేను పొద్దున్నుంచి రాత్రి దాకా దుకాణంలోనే ఉండాలి. ఆమె కాగితం తీసి లోపల పెట్టాకే ఇంటికి రావాలి. మీ అల్లుడికీ చెప్పలేదు.

"మీ నాయినను నమ్మి పంపుతున్న. బయటపడితే ఇది బయటపడాలె, లేకుంటే నేను కెమెర కింద గీసింది బయటపడాలె. సూద్దాం" అన్నది.

దొంగ అని పేరు పడ్డ మనిషి చేతికే ఇంట్లో అన్నిటికంటే విలువైన వస్తువు ఇచ్చింది నాయినా. ఇంకొకరైతే నన్ను ఓదార్చి ఊరుకునేవాళ్లు. ఆ కాగితాన్ని నీ గల్లాపెట్టెలో పెట్టుకో. నలగనివ్వకు.

హాస్టల్‌కు ఇంకా వద్దని చెప్పలేదు. చూద్దామనుకుంటున్నాను.

నీ
సుప్రియ


ఎల్బీనగర్,
బుధవారం

నాయినకు నమస్కారాలు.

ముందు మంచి మాట. హాస్టల్‌కు ఫోన్ చేసి నాకు రూమ్ వద్దని చెప్పేశాను. ఇక మిగతాది నింపాదిగా చదువు. ఈ ఉత్తరం హాల్లో, కిటికీ పక్కన బల్ల దగ్గరే కూర్చుని రాస్తున్నాను.

నీకు ఆ కాగితం పంపిన కొన్ని వారాలకు, పోయిన వారం ఉపేందర్ మళ్లీ ఒక కవరుతో వచ్చాడు. ముఖం మాడిపోయి ఉంది. "అమ్మా, గిది గూడ మనదేనా?" అన్నాడు. ప్రింటు చీర విప్పితే అంచు పొడుగునా చింతకాయలు! వంకర వంకరగా, గింజల ఉబ్బులతో సహా, వరసగా చింతకాయలు. అత్తమ్మ పకపకా నవ్వింది. "చింతకాయల అంచు చీర ఎవ్వలన్న కడ్తర్రా? ఊరికెనే గీసిన. గీ లోకంల నేను దప్ప ఇంకెవ్వలు గీయరని గీసిన" అన్నది. ఉసిరి కొమ్మలు మాత్రం ఎక్కడా కనిపించలేదు. అవి నీ గల్లాపెట్టెలో భద్రంగా ఉన్నాయి కదా.

ఉపేందర్‌కు సంగతంతా విడమర్చి చెప్పింది. ఆయన నా దగ్గరికొచ్చి, "ఆ రోజు నోరు తెరవాల్సింది సుప్రియా" అన్నాడు. "అవును, తెరవాల్సింది" అన్నాను. అంతకు మించి మెత్తగా మాట్లాడబుద్ధి కాలేదు. నెమ్మదిగా అవుతుందిలే.

"అన్నకు ఫోన్ చేస్త" అని ఆయన లేస్తే అత్తమ్మ వద్దన్నది. "ఫోన్ల అడిగితే ఫోన్లనే జవాబొస్తది. నడు, పోదాం" అన్నది. నన్ను కూడా తీసుకుని ఆటోలో దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాం. ముందుగా చెప్పకుండానే అరుణ్ బావ షాపులోకి అడుగుపెట్టాం.

గోడకు పెద్ద టీవీ. దాంట్లో మా హాలు.

మా కిటికీ, మా బల్ల, బల్ల మీద అత్తమ్మ మరిచి వచ్చిన కళ్లజోడు, కుర్చీ మీద నేను మడత పెట్టకుండా వదిలేసిన తువాలు. టీవీ ముందు ఇద్దరు గిరాకీలు నిలబడి చూస్తున్నారు. బావ మాకు వీపు పెట్టి ఉత్సాహంగా చెప్తున్నాడు. "సూడుండ్రి సార్, ఇది మా చిన్నమ్మోళ్ల ఇల్లు, లైవ్. జూమ్ చేస్తున్న సూడుండ్రి. బల్ల మీద చీమ పాకినా కనవడ్తది."

బల్ల పెద్దదవుతూ వచ్చింది. కళ్లజోడు కాడ మీద అత్తమ్మ చుట్టుకున్న దారం కూడా కనిపించింది.

ఉపేందర్ ముందుకు పోబోతే అత్తమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. గిరాకీల కోసం వేసిన కుర్చీలో కూర్చున్నది. "అరుణ్, జర మాకు గూడ సమజయ్యేటట్టు చెప్పు బిడ్డా. గా టీవీల ఉన్న ఇల్లు ఎవ్వలదని చెప్పినవ్?" అన్నది. గొంతు కొంచెం కూడా పెరగలేదు.

బావ వెనక్కి తిరిగాడు. రిమోట్‌తో టీవీ ఆపేశాడు. గిరాకీలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని బయటికి నడిచారు.

ఆయన డబ్బుకు అమ్మలేదు నాయినా. ఆ మాట నేను నమ్ముతున్నాను. మా ఇంటి వీడియో శుభ్రంగా వస్తుందని, ఖాతా తన నంబరు మీదే ఉందని, వచ్చినవాళ్లకల్లా నమూనాగా చూపించాడు. అందులో తప్పుందని ఆయనకు తోచనే లేదు. ప్రింటు చీరల వ్యాపారి ఒకాయన కెమెరాలు కొనాలని తరచు వచ్చి గంటలు గంటలు కూర్చునేవాడట. ఎంత జూమ్ అవుతుందో చూపించమని ఆయనే అడిగేవాడట. ఫోన్‌తో ఫోటోలు కూడా తీసుకున్నాడట. ఇదంతా చెప్తూ చెప్తూ బావ ఏడ్చేశాడు. ఆ వ్యాపారి ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. అతన్ని ఏం చేయాలో ఉపేందర్ వకీలుతో మాట్లాడుతున్నాడు.

అత్తమ్మ బావను తిట్టలేదు. "కండ్లు తుడుసుకో. ఇప్పుడు నేను గిరాకీని. క్లౌడంటే ఏంది, పెట్టంటే ఏంది, మంచి చెడు రెండూ చెప్పు. ఒక్కటే చెప్పకు" అన్నది.

బావ చెప్పాడు. పెట్టె ఇంట్లో ఉంటే వీడియో ఎక్కడికీ పోదు, నెలనెలా కట్టే పని లేదు, నెట్ పోయినా రికార్డవుతుంది. కానీ దొంగ దాన్ని ఎత్తుకుపోవచ్చు, డిస్కు చెడిపోవచ్చు. క్లౌడ్‌లో ఉంటే దొంగకు అందదు, ఊళ్లో లేకున్నా చూడొచ్చు. కానీ ఖాతా ఎవరి చేతిలో ఉంటే వాళ్లు చూస్తారు.

"క్లౌడంటే మబ్బే కద" అన్నది అత్తమ్మ. "మబ్బు మబ్బంటే ఏడనో దేవుని దగ్గర ఉంటదనుకున్న. అది గూడ ఇంకొగల పెట్టెనే. నా ఇంట్ల పెట్టెకు దొంగ భయం. ఆ పెట్టెకు తాళంచెవి ఎవ్వల దగ్గరున్నదో తెల్వని భయం."

ఉపేందర్ విసిగిపోయి ఉన్నాడు. "అసలు కెమెరాలే వద్దమ్మా, అన్నీ పీకేద్దాం" అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. "దొంగ లేకుండ పోయిండా? బీరువల సరుకు లేకుండ పోయిందా? కోపంల చేసిన పని రేపు మనకే నష్టం" అన్నది. అక్కడే కూర్చుని తేల్చేసింది. గేటూ మెట్లూ క్లౌడ్‌లోనే ఉంటాయి. వీధిలో వచ్చేపోయేవాళ్లు, అందులో దాచేదేమీ లేదు. దొంగ వస్తే ముందు వాటి కిందినుంచే రావాలి, కెమెరా పగలగొట్టినా వాడి ముఖం పైన నిలిచి ఉంటుంది. ఇంటి లోపలిది మాత్రం గడప దాటకూడదు. దానికి పెట్టె తీసుకున్నాం. టీవీ కింద కాకుండా అత్తమ్మ గదిలో అటక మీద, తాళం వేసిన ఇనప డబ్బాలో బిగించారు. దానికి నెట్ ఇవ్వలేదు, మాట రికార్డయ్యేది ఆపించింది. హాల్లో కెమెరాను బీరువాల వైపే చూసేలా తిప్పించింది. బల్ల అందులో పడదు.

పాత ఖాతా తీసేయించి, గేటు కెమెరాలకు కొత్తది తెరిచేటప్పుడు బావ అడిగాడు. "నంబరు ఎవ్వలది ఇయ్యాలె చిన్నమ్మా? తమ్మునిదా?"

"సుప్రియది" అన్నది ఆమె. తర్వాత నా వైపు తిరిగి, "పాస్‌వర్డ్ నువ్వే పెట్టు. నాకు గూడ చెప్పకు. ఉపేందర్‌కు చూసుకునేటందుకు ఇయ్యి, మార్చేటందుకు ఇయ్యకు" అన్నది. ఉపేందర్ తలూపాడు. నేను ఒక్కో అక్షరం చూసుకుంటూ టైపు చేశాను.

అండాలమ్మ పెద్దత్తమ్మ నిన్న వచ్చింది. కొడుకు చెప్పాడట. "ఏదో నోరు జారింది, మనసుల పెట్టుకోకు బిడ్డా" అని నా తల నిమిరింది. నేను సరేనన్నాను. అక్కడితో ఐపోయిందనే అనుకున్నాను. అత్తమ్మ అనుకోలేదు.

"దానితోని అన్నవ్, సరే. దాని నాయినను గూడ అన్నవ్ కద అక్కా. ఆయినెవ్వలతోని చెప్పుకోవాలె?" అన్నది. పెద్దత్తమ్మ తల దించుకుని, హయత్‌నగర్ దాకా పోయి చెప్పే ముఖం తనకు లేదన్నది. అత్తమ్మ, "ఆ మాట నా ఇంట్ల పుట్టింది. నా ఎదురుంగ అన్నరు, నేను ఊకున్న. కారణముండే ఊకున్న, అయినా ఊకున్న. నేనే పోత" అన్నది.

ఆదివారం పొద్దున అత్తమ్మ మీ దగ్గరికి వస్తోంది నాయినా. ఇంటికి కాదు, కొట్టుకు. పదకొండింటికి గిరాకీ బాగా ఉంటుందని నన్నడిగి తెలుసుకుని మరీ ఆ వేళకే వస్తానంటోంది. అందరూ వినేటట్టు చెప్తుందట. నేనూ, ఉపేందర్ వెంట వస్తాం. తను కూడా చెప్పాల్సింది ఉందని ఉపేందర్ తనంతట తానే అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు నేను అమ్మ దగ్గర ఉండిపోతాను. నన్ను ఉండమన్నది కూడా అత్తమ్మే.

నీ సంగతి నాకు తెలుసు. ఆమె గడప ఎక్కగానే నువ్వు ఎదురెళ్లి, కుర్చీ వేసి, 'అయ్యో వదినా, అంత మాటెందుకు' అని మధ్యలో అడ్డుపడతావు. అట్లా చేయకు. ఈసారికి నా మాట విను. ఆమె నిలబడి చెప్పనీ. మాట పూర్తయ్యేదాకా నువ్వు కూడా నిలబడి విను. ఆ తర్వాత చాయ్ చెప్పు.

నీ బిడ్డ,
వజ్రమ్మ కోడలు,
సుప్రియ